న్యుమోనియా పేషెంట్‌కి వెంటిలేటర్ సెట్టింగ్: ఇద్దరు సార్లు, రెండు మాటలు

రాత్రిడ్యూటీ_పీజీ:
అనస్థీషియా రెండో సంవత్సరం. రెండు ఊపిరితిత్తులకూ న్యుమోనియా పాకిన ఒకావిడ వెంటిలేటర్ మీద ఉన్నారు. ఎత్తు 152 సెం.మీ., బరువు 70 కిలోలు. నేను డ్యూటీకి వచ్చేసరికి టైడల్ వాల్యూమ్ (ఒక్కో శ్వాసకి పంపే గాలి) 420 మి.లీ., పీప్ (ఊపిరి వదిలాక కూడా ఊపిరితిత్తుల్లో నిలిపి ఉంచే ఒత్తిడి) 8, ఆక్సిజన్ 70 శాతం, ప్లాటో (గాలి నిండాక ఊపిరితిత్తుల్లో ఉండే ఒత్తిడి) 33. ఏబీజీలో (ధమని రక్త పరీక్ష) పీఏఓటూ, అంటే రక్తంలో ఆక్సిజన్ ఒత్తిడి, 77. ఒక సార్ వాల్యూమ్ 270కి దించమన్నారు. ఇంకో సార్, అలా చేస్తే సీఓటూ పెరిగిపోతుంది, పీప్ బాగా పెంచి ఊపిరితిత్తులు తెరవమన్నారు. బోర్లా వేయాలా అన్నది మూడో టెన్షన్.

పాత_ఇంటెన్సివిస్ట్:
సార్ల పంచాయితీ నేను తీర్చను గానీ, ఆ 420 ఎక్కడిదో చూడమ్మా. కిలోకి 6 మి.లీ. అని ఎవరో అసలు బరువు 70ని ఆరుతో గుణించారు. లావెక్కితే ఊపిరితిత్తులు పెరగవు, వాటి సైజు ఎత్తును బట్టే. ఆడవాళ్ళకి ఎత్తులోంచి 152.4 తీసేసి, 0.91తో గుణించి, 45.5 కలపాలి. ఈవిడకి 45 కిలోలు వస్తుంది. అంటే కిలోకి 9 మి.లీ. పైనే వెళుతోంది. సగం ఊపిరితిత్తి చీముతో మూసుకుపోయింది కాబట్టి ఆ గాలంతా మిగిలిన మంచి భాగం మీదే పడుతుంది. ఊపిరితిత్తులు తీవ్రంగా దెబ్బతిన్నవాళ్ళ మీద జరిగి 2000లో వచ్చిన ఆర్డ్స్‌నెట్ ట్రయల్‌లో కిలోకి 12 మి.లీ. ఇచ్చినవాళ్ళలో దాదాపు 40 శాతం చనిపోయారు, 6 ఇచ్చినవాళ్ళలో 31. 270కి దించి నిమిషానికి శ్వాసల రేటు పెంచు, ఆటోపీప్ (ఊపిరి పూర్తిగా బయటికి పోక లోపల చిక్కుకునే గాలి) కనిపెట్టుకుని ఉండు. తలలో ప్రెషర్ సమస్య లేకపోతే, రక్తం పీహెచ్ (ఆమ్లత్వం కొలత) 7.25 దగ్గర నిలిచినంతసేపు సీఓటూ 60 అయినా నేను కంగారు పడను. పీప్ కొంచెం కొంచెంగా పెంచి చూడొచ్చు. ఒక్కసారిగా ఎక్కించి తెరిచే పద్ధతి వద్దు, 2017లో ఆర్ట్ ట్రయల్‌లో దానివల్ల మరణాలు పెరిగాయి.

ఐసీయూ_సిస్టర్:
డాక్టర్ గారూ, పీఏఓటూ 77ని ఆక్సిజన్ 70 శాతంతో, అంటే 0.7తో భాగిస్తే 110. బోర్లా వేయడం మీద జరిగిన ప్రోసెవా ట్రయల్‌లో ఈ లెక్క 150 లోపు ఉన్నవాళ్ళనే బోర్లా వేశారు, విడతకి కనీసం 16 గంటలు. 28 రోజుల మరణాలు 33 శాతం నుంచి 16కి తగ్గాయి. మేము ఐదుగురం ఉంటేనే తిప్పుతాం, ట్యూబు పట్టుకున్నవాళ్ళే ఒకటి, రెండు, మూడు అని లెక్కపెడతారు. ముందే ఫీడ్ ఆపి సక్షన్ చేయండి, కళ్ళకి ఆయింట్‌మెంట్ రాసి మూయండి. గంట కాగానే చెంప, గడ్డం కింద చూడండి, పుండు అక్కడే మొదలవుతుంది.

రాత్రిడ్యూటీ_పీజీ:
270, రేటు 30. ప్లాటో 24కి దిగింది, సీఓటూ 58, పీహెచ్ 7.27. తిప్పడానికి మనుషుల్ని పిలిచాం. సార్, పక్క బెడ్‌లో కుడివైపు ఒక్కటే న్యుమోనియా. ఆయనకీ ఇదే పద్ధతేనా?

పాత_ఇంటెన్సివిస్ట్:
వాల్యూమ్ లెక్క అదే. పీప్ మాత్రం చూసి పెట్టు, ఎక్కువైతే మంచి ఊపిరితిత్తి ఉబ్బి రక్తాన్ని చెడ్డవైపుకి తోస్తుంది. ముందు ఎడమ పక్కకి తిప్పి శాచురేషన్ చూడు.