గ్రౌండ్‌కి ఒకటే గేటు, మూడు వేల మంది జనం. ఏం చేయాలి?

ప్రశ్న: అందరికీ నమస్కారం. శ్రీరామనవమి రాత్రి మా ఊరి హైస్కూల్ గ్రౌండ్‌లో పాటకచేరీ పెడుతున్నాం. మూడు వేల మంది దాకా వస్తారని అంచనా. ఎనిమిది అడుగుల గేటు ఒక్కటే ఉంది. కమిటీ పెద్దలేమో "ఇన్నేళ్ళలో ఏమైనా అయిందా?" అంటున్నారు. నాకు టెన్షన్‌గా ఉంది.

జవాబు: తమ్ముడూ, మాది టెంట్ హౌస్. జనం ఎలా వస్తారన్నది తర్వాత, ముందు ఎలా పోతారో చూడు. వచ్చేటప్పుడు రెండు గంటల పాటు విడతలుగా వస్తారు, పోయేటప్పుడు అందరూ ఒక్కసారే లేస్తారు. చదును దారిలో మీటరు వెడల్పుకి నిమిషానికి మహా అయితే 80 మంది దాటతారు. ఎనిమిది అడుగులంటే 2.4 మీటర్లు, అంటే నిమిషానికి 190 మంది. మొత్తం ఖాళీ కావడానికి 16 నిమిషాలు. ఇది కాగితం మీది లెక్క. గేటు దగ్గర రెండు బైకులు, ఒక ఐస్‌క్రీమ్ బండి ఆగాయంటే సగం దారి పోయినట్టే, అరగంట పడుతుంది. నాలుగు చినుకులు పడితే అరగంట ఎవరాగుతారు?

అందుకే రెండో దారి తప్పదు. ఒకచోట మేం వెనక గేటు చూసుకుని ధీమాగా ఉన్నాం. తీరా చూస్తే దానికి తాళం, తాళంచెవి ఉన్న మనిషి భోజనానికి పోయాడు. అప్పటినుంచి తాళాలు తీయించి నా దగ్గరే పెట్టుకుంటున్నా. గేటు రెక్కలు లోపలికి తెరుచుకునేవైతే ఊడదీయించు. వెనక నుంచి జనం నెడితే అవి తెరుచుకోవు.

మీ పెద్దలకి 2015 రాజమండ్రి పుష్కరాల సంగతి గుర్తుచెయ్యి. మిగతా ఘాట్లు ఉన్నా జనమంతా పుష్కర ఘాట్‌కే వచ్చారు, తొక్కిసలాటలో 27 మంది పోయారు. 2025 జనవరిలో తిరుపతిలో టోకెన్ల కోసం కాచుకున్నవాళ్ళు గేటు తెరవగానే ఎగబడ్డారు, ఆరుగురు పోయారు.

ఇంకొకరు: మైకుకి, గేటు దగ్గరి లైట్లకి జనరేటర్‌తో సంబంధం లేకుండా బ్యాటరీ పెట్టించండి. కరెంటు పోయినప్పుడే మైకులో చెప్పాల్సిన అవసరం పడుతుంది. ప్లాస్టిక్ కుర్చీలు నాలుగేసి కలిపి తాళ్ళతో కట్టండి, విడిగా ఉంటే తిరగబడి కాళ్ళకి అడ్డం పడతాయి. కేబుళ్ళు నడిచే దారికి అడ్డంగా లాగొద్దు. స్టేషన్‌లో పర్మిషన్ ఎలాగూ తీసుకుంటారుగా.

ప్రశ్న అడిగినవారు: అన్నా, ఇవాళ టేపు పెట్టి కొలిచాను. ఎనిమిది కాదు, ఆరున్నర అడుగులే! వెనక కంచె పదడుగులు తీయడానికి హెడ్మాస్టరు గారు ఒప్పుకున్నారు. కానీ దాటగానే పంటబోదె ఉంది. చెక్కపలకలు వేస్తే సరిపోతుందా?

జవాబు: పలకలు వద్దే వద్దు. తూములు వేసి, పైన మట్టి కొట్టించి, లోడు ట్రాక్టరు రెండుసార్లు తిప్పు. కుంగకపోతే మనుషుల్ని పంపొచ్చు. రెండు పక్కలా సర్వి బాదులు కట్టి, ట్యూబ్‌లైటు వేలాడదియ్యి. కచేరీ మొదలయ్యే ముందే "ఆడవాళ్ళు, పిల్లలు వెనక దారిన వెళ్ళండి" అని మైకులో రెండుమూడు సార్లు చెప్పించు.