సమస్య: నిగ్రహము గలవాఁడె పో నీచుఁ డిలను

అరసున్న (నిర్వాహకుడు): రాత్రి వార్తల్లో "ఇరువర్గాలూ సంయమనం పాటించాలి" అంటుంటే మా అమ్మ "తమాయించుకోమని చెప్పొచ్చుగా" అంది. ఆ నవ్వులోంచి ఊడిపడిందీ పాదం. పూరించండి.

చిక్కడపల్లి చకోరం:

జాతకముఁ జూచి పంతులు జంకి పలికె:
"తులను నిల్చిన నుచ్చయే, తొలఁగు కలఁత;
మేషమున నుచ్చ రవి లేఁడు మిత్రమా! శ
నిగ్రహము గలవాఁడె పో నీచుఁ డిలను"

అరసున్న: మూడో పాదం చివర "శ" పెట్టి నిగ్రహాన్ని "శనిగ్రహం" చేసిన ఆ విరుపు చూసి టీ ఒలకబోసుకున్నాను!

మౌలాలి మాస్టారు: విరుపు సరే. మేషంలో బలం తగ్గి నీచపడింది శని కదండీ, జాతకుడు కాదు. మేషంలో శని ఉన్నవాళ్ళంతా నీచులైతే మా ఇంట్లోనే ఇద్దరు తేలతారు. పైగా "శని గ్రహము" అని విడిగా చదివితే "ని" లఘువు. పాదంలో గణాలే కూలాయి.

చకోరం: విడదీసింది మీరు. నేను రాసింది సమాసం, "ని" గురువే. దసరా పూరణలో ఇంద్రగణం చోట "బిర్యానీ" వడ్డించి మూడు గురువులు తినిపించినవారు నాకు పాఠం చెప్పడమా?

మాస్టారు: "బిర్యాని" అనే రాశాను. తగణం, ఇంద్రగణాల్లో ఒకటి. దీర్ఘం పెట్టింది ఫోను.

లకడీకాపూల్ లఘువు: దసరా నుంచీ ఫోనుదే తప్పు! నాదీ ఒకటి, ఆఫీసు నుంచి వస్తూ కట్టింది.

"ఎర్రదీపము వెలిగిన నెవ్వఁ డాఁగు?"
వెనుక హారను మ్రోగించి వేడి తోడ
పంజగుట్టలో నన్నిట్లు పలికె నొకఁడు:
"నిగ్రహము గలవాఁడె పో నీచుఁ డిలను"

చకోరం: హాయిగా ఉంది. "వేడి తోడ" మాత్రం యతి కోసం అద్దెకు తెచ్చిన మాట.

లఘువు: ఒప్పుకున్నా. అద్దె కూడా బాకీనే.

మాస్టారు: జాతకాలూ సిగ్నళ్ళూ దేనికి? మాటలోనే ఉంది కీలకం. న్యాయశాస్త్రంలో (కోర్టులది కాదు, పాతకాలపు తర్కశాస్త్రం) నిగ్రహమంటే వాదంలో ఓటమి. నిగ్రహస్థానాలు, అంటే ఓడినట్టు తేలే సందర్భాలు, 22.

తర్కసభలోన ప్రత్యర్థి తలను వంచె;
ఇరువదియు రెండు తావుల నేదొ యొకటఁ
జిక్కి మాటలు తడఁబడి చేష్ట లుడిగె;
నిగ్రహము గలవాఁడె పో నీచుఁ డిలను

అరసున్న: మాస్టారూ, ఇది దెబ్బ! ఓర్చుకోవడమనే అర్థం ఒక్కటే గుర్తుంటుంది మనకు. రాజును "నిగ్రహానుగ్రహ సమర్థుడు" అన్నప్పుడు నిగ్రహం శిక్ష. నిగ్రహం, ఆగ్రహం, అనుగ్రహం అన్నిట్లోనూ ఉన్నది పట్టుకోవడమనే ధాతువే. ఆకాశంలో గ్రహానిదీ అదే ధాతువు కాబట్టి చకోరం గారి శని పరాయివాడేం కాదు, నిగ్రహానికి దాయాదే. ఓటమి పాలైనవాణ్ణి "నీచుడు" అనడం కాస్త ఎక్కువైంది గానీ, ఈసారికి మాస్టారిదే పైచేయి.

చకోరం: మరి దసరా బిర్యానీ సంగతి?

మాస్టారు: చూశారా! ఉన్న విషయం వదిలేసి వేరేది ఎత్తుకోవడం "అర్థాంతరం". ఆ 22లో అదీ ఒకటి.

(గంట తరువాత)

మాస్టారు: చకోరం గారు ఉలుకూ పలుకూ లేరు. జవాబు తోచకపోతే దాన్ని "అప్రతిభ" అంటారు. అదీ నిగ్రహస్థానమే.

చకోరం: భోంచేస్తున్నానండీ. బిర్యాని. హ్రస్వమే.