ఫ్యామిలీ డాక్టర్ల పరిశోధన ఎక్కడ అచ్చు కావాలి?

డీఎన్‌బీ విద్యార్థిని, గుంటూరు:
షుగరు రోగులు మందులు మధ్యలో ఎందుకు మానేస్తున్నారన్నది నా పీజీ వైద్య కోర్సు (డీఎన్‌బీ) థీసిస్. పని పూర్తి కావచ్చింది. మధుమేహ నిపుణుల జర్నల్‌కు పంపమని మా గైడ్ గారు అంటున్నారు. నాకేమో ఫ్యామిలీ మెడిసిన్ జర్నల్‌కే పంపాలని ఉంది. పెద్దలు ఏమంటారు?

క్లినిక్ డాక్టర్, తుని:
ఫ్యామిలీ మెడిసిన్ జర్నల్‌కే పంపండమ్మా. మందులు మానేసిన మనిషి ముందుగా వచ్చేది మా దగ్గరికి. ఆ ఫలితాలు మా కంటపడాలి. భారత ఫ్యామిలీ వైద్యుల అకాడమీ 2012లో మొదలుపెట్టిన ‘జర్నల్ ఆఫ్ ఫ్యామిలీ మెడిసిన్ అండ్ ప్రైమరీ కేర్’ను ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు. విదేశీ స్పెషలిస్టు జర్నళ్లలో చాలా వాటికి చందా కట్టాలి. కేంద్రం 2025లో ప్రారంభించిన ‘ఒకే దేశం ఒకే చందా’ పథకం కింద దాదాపు 13 వేల జర్నళ్లు అందుబాటులోకి వచ్చిన మాట నిజమే, కానీ అవి ప్రభుత్వ విద్యా, పరిశోధన సంస్థలకే. సొంత క్లినిక్ నడుపుకునే నాలాంటివాడికి ఆ తలుపు తెరుచుకోలేదు.

ప్రజారోగ్య అధ్యాపకురాలు, విశాఖ:
డాక్టర్ గారి ఇబ్బంది అర్థమైంది, కానీ ఆ సలహాతో ఏకీభవించలేను. మనం రాసింది మనమే చదువుకుంటే, నిధులిచ్చేవారికీ పాఠ్యప్రణాళిక తయారుచేసేవారికీ మన మాట ఎలా చేరుతుంది? 1961లో అమెరికాలో పనిచేసిన వైద్య పరిశోధకుడు కెర్ వైట్, ఆయన సహచరులు ఒక లెక్క చూపించారు. వెయ్యిమంది పెద్దవాళ్లలో ఒక నెలలో 750 మందికి ఏదో ఒక సుస్తీ చేస్తుంది. 250 మంది డాక్టరును కలుస్తారు. ఆసుపత్రిలో చేరేది 9 మంది, విశ్వవిద్యాలయ ఆసుపత్రి దాకా వెళ్లేది ఒక్కరు. వైద్య విద్యార్థులకు పాఠం చెప్పేది మాత్రం ఆ ఒక్కరి మంచం పక్కనే! ఆ వ్యాసం న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది కాబట్టే పెద్దాసుపత్రుల ప్రొఫెసర్లు తప్పించుకోలేకపోయారు. వేల్స్‌లో గని కార్మికుల ఊళ్లో ప్రాక్టీసు చేసిన జూలియన్ ట్యూడర్ హార్ట్ కూడా, వైద్యం ఎక్కువ అవసరమైన చోటే తక్కువగా దొరుకుతుందన్న మాటను 1971లో బ్రిటన్ వైద్య జర్నల్ లాన్సెట్‌లోనే రాశారు.

క్లినిక్ డాక్టర్, తుని:
రెండూ గొప్ప వ్యాసాలే మేడమ్. అవి మొత్తం వ్యవస్థనే నిలదీశాయి, అందుకు అంత పెద్ద వేదిక కావాలి. ఈ అమ్మాయి పని వేరు. స్పెషలిస్టు జర్నల్ సమీక్షకులు, అంటే అచ్చుకు ముందు వ్యాసాన్ని పరిశీలించే నిపుణులు, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగరు) ఎంత తగ్గిందని అడుగుతారు. ఆసుపత్రికి వస్తే ఆ రోజు కూలి పోతుందని రానివాళ్లు, ఒకరికి రాసిన మాత్రలను ఇద్దరూ పంచుకునే భార్యాభర్తలు వాళ్ల పట్టికలో ఎక్కడా పట్టరు. నా పేపరులో ఇవన్నీ ‘ఇతర కారణాలు’ అనే ఒక్క గడిలోకి నెట్టమన్నారు. నెట్టాను, అచ్చు వేశారు. నేను చెప్పదలచుకున్నది అందులో మిగలలేదు.

వైద్య గ్రంథాలయ ఉద్యోగి, హైదరాబాద్:
ఎక్కడికి పంపినా ముందు ఆ జర్నల్ అసలుదో కాదో చూడండి. వారంలో అచ్చు వేస్తామని మెయిల్ వస్తే జవాబే ఇవ్వకండి. మా నగరం కేంద్రంగా నడిచిన ఓమిక్స్ అనే జర్నళ్ల ప్రచురణ సంస్థ సమీక్ష విషయంలోనూ రుసుముల విషయంలోనూ రచయితలను మోసగించిందని తేల్చి, 5 కోట్ల డాలర్లకు పైగా చెల్లించాలని 2019లో అమెరికా ఫెడరల్ కోర్టు ఆదేశించింది. నిజమైన జర్నళ్లలోనూ అచ్చుకు రచయిత కట్టాల్సిన రుసుము ఎంతో ముందే తెలుసుకోండి.

ప్రజారోగ్య అధ్యాపకురాలు, విశాఖ:
తుని డాక్టర్ గారూ, అలాంటప్పుడు సమీక్షకులతో గట్టిగా వాదించాలి. మనం తప్పుకుంటే ఆ గడి ఎప్పటికీ అలాగే ఉంటుంది. ఇంకో సంగతి, ఈ అమ్మాయి రేపు బోధనలోకి వస్తే పదోన్నతికి జాతీయ వైద్య కమిషన్ చెప్పిన సూచికల్లో (జర్నళ్ల ఇండెక్స్ జాబితాల్లో) ఉన్న జర్నళ్లనే లెక్కలోకి తీసుకుంటారు. అది చూసుకోకుండా ఎక్కడికీ పంపవద్దు.

డీఎన్‌బీ విద్యార్థిని, గుంటూరు:
కూలి పోతుందన్న మాట, మాత్రలు పంచుకోవడం మా రోగులూ చెప్పారు. నా డ్రాఫ్టులో అవి చివరి పట్టికలో ఉన్నాయి. వాటిని ముందుకు తెచ్చి, సూచికలు సరిచూసుకుని ఫ్యామిలీ మెడిసిన్ జర్నల్‌కే పంపుతాను. గైడ్ గారు ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు. మేడమ్, జిల్లా అధికారుల కోసం తెలుగులో రెండు పేజీల సారాంశం రాస్తే ఎవరికి ఇవ్వాలి?

ప్రజారోగ్య అధ్యాపకురాలు, విశాఖ:
జిల్లా వైద్య ఆరోగ్యాధికారి కార్యాలయంలో బీపీ, షుగరు కార్యక్రమాలు చూసే అధికారికి స్వయంగా ఇవ్వండి. రెండు పేజీలు ఎక్కువ, ఒక్కటి చాలు. కూలి విషయం మొదటి వాక్యంలోనే రాయండి.