అప్‌డేట్: శ్రీకాకుళం లైబ్రరీలో వాలంటీరు పని
రిటైరయ్యాను, లైబ్రరీలో ఊరికే సాయం చేయొచ్చా, మనవరాలికి ఏమైనా కార్యక్రమాలుంటాయా అని అడిగాను కదండీ. వెళ్లి కనుక్కున్నాను. ఫారం గీరం ఏమీ లేదు. "ఆదివారం పొద్దున్న రండి మాస్టారూ, పిల్లలకి కథ చదివిపెడుదురు గానీ" అన్నారు లైబ్రేరియన్ గారు. చదువుతుంటే ముందు వరసలో బుడ్డోడు "తాతా, దెయ్యం కథ లేదా?" అని ఒకటే గోల! తర్వాత అట్టలూడిన పుస్తకాలకి మైదా జిగురు పట్టించడం.

నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు. పిల్లల పోటీలన్నీ ఉచితం. (ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను కడుతూనే ఉన్నాం లెండి.) శుక్రవారం మాత్రం వెళ్లకండి, సెలవు.

కథా రచయిత కారా మాస్టారు (కాళీపట్నం రామారావు గారు) 1997లో మన ఊళ్లోనే తెలుగు కథల కోసం పెట్టిన లైబ్రరీ, కథానిలయం కూడా చూడమన్నవారికి థాంక్స్. పాత పత్రికల్లో కథలంటే నాకు పిచ్చి, వచ్చే వారం అటే.