కత్తిసాము కత్తి ఇంట్లో ఉంచుకోవడానికి లైసెన్సు కావాలా?

ప్రశ్న: మా అబ్బాయి రెండేళ్లుగా కర్రసాము నేర్చుకుంటున్నాడు. ఇప్పుడు కత్తిసాముకి కత్తి తెచ్చుకోమన్నారు మాస్టారు. ఆన్‌లైన్‌లో 'లైసెన్సు అక్కర్లేదు' అని రాసి మరీ అమ్ముతున్నారు. అమలాపురంలో దసరాకి చెడీ తాలింఖానా వాళ్లు నడిరోడ్డు మీదే కత్తులు తిప్పుతారు, మనం ఇంట్లో పెట్టుకుంటే తప్పేంటి అంటారు మావారు. నాకు మాత్రం టెన్షన్‌గా ఉంది.

జవాబు: కొనకముందే అడిగి మంచిపని చేశారండీ. కర్ర గురించి బెంగ వద్దు. ఇంటికీ పొలానికీ మాత్రమే పనికొచ్చే లాఠీ, చేతికర్ర లాంటివాటిని 1959 ఆయుధాల చట్టం ఆయుధాలుగా లెక్కపెట్టలేదు. అలాగని దాంతో ఎవరినైనా కొడితే అది వేరే కేసు.

కత్తి సంగతి అలా కాదు. 2016 ఆయుధాల నియమాల్లో ఐదో కేటగిరీలో ఖడ్గం, బాకు, బల్లెం పేర్లతో సహా ఉన్నాయి. బ్లేడు 9 అంగుళాల పొడవో, 2 అంగుళాల వెడల్పో దాటిన అలాంటి ఆయుధాలూ అందులోకే వస్తాయి. వంటింటి కత్తికి, కొడవలికి మినహాయింపు ఉంది. సాము కత్తికి లేదు. వీటికి లైసెన్సు కావాలా అన్నది మీరుండే ప్రాంతాన్ని బట్టి ఉంటుంది. ఆయుధాల చట్టం 4వ సెక్షన్ కింద కేంద్రం నోటిఫై చేసిన చోట కావాలి. అది అమ్మేవాడు చెప్పాల్సిన మాట కాదు. మీ పోలీస్ స్టేషన్‌లోనో, కలెక్టరేట్‌లోనో కాగితం పెట్టి అడగండి, రసీదు తీసుకోండి. తాలింఖానా పోలీసు బందోబస్తు మధ్య జరిగే ఉత్సవం. మనం బస్సులో కత్తి పట్టుకెళ్లడానికి అది అనుమతి కాదు.

మా పిల్లల్ని ఒకసారి ప్రదర్శనకి తీసుకెళ్తుంటే బస్టాండులో ఆపారు. పాత దుప్పట్లో చుట్టిన రెండు కత్తులు, రెండూ పదును లేనివే. నిర్వాహకుల ఉత్తరం చేతిలో ఉండబట్టి గంటలో వదిలారు. ఆ గంటసేపూ పిల్లలు బిక్కమొహాలేసుకుని నిలబడటం ఇప్పటికీ మర్చిపోలేను.

ప్రశ్న: నంచాకు (గొలుసుతో కలిపిన రెండు పొట్టి కర్రలు) కూడా అడుగుతున్నాడండీ. విమానంలో వెళ్లాల్సి వస్తే?

జవాబు: ఐదో కేటగిరీలో దాని పేరు లేదు. కానీ ఎన్నికలప్పుడో, గొడవలప్పుడో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 163 సెక్షన్ ఉత్తర్వు వస్తే (పాత 144 అదే) కర్రలు కూడా బయటికి తేవద్దంటారు. విమానంలో చేతిసంచిలో అస్సలు పెట్టకండి, చెకిన్ లగేజీలో వేసే ముందు విమాన సంస్థను అడగండి. కత్తి విషయం తేలేదాకా బాబు చేత చెక్కకత్తితో సాధన చేయించమని మాస్టారికి చెప్పండి. అడుగులు, మణికట్టు తిప్పడం దానితోనే వస్తాయి.