‘అప్‌టేక్’ అంటే గ్రహణమా, పట్టుడా?

దేవరకొండ నుంచి, చర్చ మొదలుపెట్టినవారు:
మా మేనమామకు హైదరాబాద్‌లో గాలియం డోటాటేట్ పెట్ స్కాన్ తీసిన్రు. రిపోర్టు ఇంగ్లిష్‌లో ఉంది. దాంతో పాటు పేషెంట్లకు అర్థం కావాలని తెలుగులో ఒక కాగితం కూడా ఇచ్చిన్రు. మంచి ఆలోచనే. కానీ అందులో ఒక వాక్యం చూడండి: ‘ప్లీహము, మూత్రపిండములలో అధిక గ్రహణము సహజముగా గోచరించును.’ మా అత్తమ్మ చదివించుకొని, ‘గ్రహణమేంది అల్లుడా, ఎప్పుడు పట్టింది, ఎప్పుడు విడుస్తది?’ అని అడిగింది. ఆమెకు అసలే టెన్షన్, పైన ఇదొకటి.

ముందు ఆ స్కాన్‌లో జరిగేదేమిటో చెప్తాను, మాట సంగతి తర్వాత. మన ఒంట్లో సొమాటోస్టాటిన్ అని ఒక హార్మోను ఉంటుంది. 14 అమైనో ఆమ్లాల చిన్న గొలుసు, అంటే పెప్టైడ్. కొన్ని కణాల మీద దీన్ని పట్టుకోవడానికే గ్రాహకాలు (రిసెప్టర్లు) ఉంటాయి. న్యూరో ఎండోక్రైన్ గడ్డలు అనే రకం క్యాన్సర్‌లో చాలాసార్లు ఆ గ్రాహకాలు మామూలు కంటే బాగా ఎక్కువ. అసలు హార్మోను రక్తంలో రెండుమూడు నిమిషాలకే విరిగిపోతుంది కాబట్టి, 8 అమైనో ఆమ్లాలతో గట్టి నకలు తయారుచేశారు. దానికి గాలియం-68 అనే రేడియోధార్మిక పదార్థం తగిలించి నరానికి ఎక్కిస్తారు, గాలియం డోటాటేట్ అంటే ఇదే. ఓ గంట ఆగి స్కాన్ తీస్తారు. గాలియం నుంచి వెలువడే పాజిట్రాన్ అనే కణం ఎదురైన ఎలక్ట్రాన్‌తో కలిసి మాయమైపోతుంది, ఆ చోటి నుంచి రెండు గామా కిరణాలు ఎదురెదురు దిక్కులకు పోతాయి. మిషన్ ఆ జంటలను లెక్కగట్టి బొమ్మ గీస్తుంది. పెప్టైడ్ ఎక్కడ ఎక్కువ నిలిచిందో అక్కడ మచ్చ చిక్కగా కనిపిస్తుంది. ఈ నిలవడాన్నే డాక్టర్లు అప్‌టేక్ అంటారు.

నా మాట ఏమిటంటే, దీనికి మన దగ్గర ‘పట్టు’ ఉండనే ఉంది. తిండి ఒంటబట్టింది అంటాం, చదువు ఒంటబట్టలేదు అంటాం. ‘తిల్లికి, కిడ్నీలకు మందు ఎక్కువ పడుతుంది, అది మామూలే’ అని రాస్తే (తిల్లి అంటే ప్లీహమే) అత్తమ్మకు గ్రహణం బాధ తప్పేది. ఏమంటారు?

నల్లగొండ, రిటైర్డ్ తెలుగు పండితులు:
‘గ్రహణం’ తప్పేమీ కాదు. గ్రహ్ ధాతువుకు అర్థమే పట్టుకొనుట. రాహువు సూర్యుణ్ణి పట్టినా గ్రహణమే, గ్రాహకం పెప్టైడ్‌ను పట్టినా గ్రహణమే. పాణిగ్రహణం అంటే ఎవరూ బెదరరు కదా! పైగా గ్రాహకం, గ్రహణం ఒకే కుటుంబం. ఒకదాన్ని ఉంచుకొని ఇంకొకదాన్ని వెళ్ళగొట్టడమెందుకు?

మిర్యాలగూడ:
సార్, పాణిగ్రహణం పెండ్లి పత్రికలో చదువుడే తప్ప ఎవరన్నా నోటితో అంటారా? అట్లని ‘పట్టు’ కూడా నాకు నచ్చలేదు. చీడ పట్టింది, తుప్పు పట్టింది, దయ్యం పట్టింది. పట్టేవన్నీ పాడువే. ఇక ‘మందు ఎక్కువ పట్టింది’ అంటే మా ఊర్లో ఇంకోటి అనుకుంటారు 😀

పుట్టపాక, నేత కుటుంబం:
రంగు పడితే పాడెట్లయితదన్నా? మా తేలియా రుమాలు బట్టకు నూలును నూనెలో, ఆముదపు కాయల బూడిద నీళ్ళలో రోజుల తరబడి నానబెట్టి పిసుకుతరు. అట్ల చేస్తేనే ఎరుపు పడుతది. మా నాయన ‘రంగు ఎక్కింది’ వేరు, ‘రంగు పట్టింది’ వేరు అంటుండె. ఎక్కింది అంటే నూలు మీదికి చేరింది, జాడిస్తే పోవచ్చు. పట్టింది అంటే జాడించినా నిలిచింది. మీరు చెప్పిన స్కాన్ కూడా అంతే అనిపిస్తున్నది. సూదిమందు ఒళ్ళంతా ఎక్కుతది, కొన్ని చోట్లనే పడుతది.

మహబూబ్‌నగర్ వాసి, న్యూక్లియర్ మెడిసిన్ టెక్నాలజిస్ట్:
పుట్టపాక అన్న చెప్పింది మా పనికి సరిగ్గా సరిపోయింది. మేం వాడే మాట కూడా ‘ఎక్కించినం’. సెలైన్ ఎక్కించినట్టే. ఆ తర్వాత గంట ఆగేది ఎందుకంటే, గ్రాహకాలున్న చోట పట్టాలి, మిగతాది రక్తంలో తగ్గి మూత్రంలో పోవాలి.

మిర్యాలగూడ అన్నకు ఒక మాట. పట్టడం ఎప్పుడూ చెడ్డ కబురే అనుకోవద్దు. గడ్డకు ఎంత పట్టిందో కాలేయంతో, ప్లీహంతో పోల్చి 0 నుంచి 4 దాకా స్కోరు ఇస్తారు. కాలేయం కంటే ఎక్కువైతే 3, ప్లీహం కంటే కూడా ఎక్కువైతే 4. ఆ రెంటిలో ఏదైనా వస్తే, అదే పెప్టైడ్‌కు గాలియం బదులు లుటీషియం-177 అనే ఇంకో రేడియోధార్మిక పదార్థం తగిలించి వైద్యం చేసే దారి ఉంటుంది. అమెరికాలో దానికి 2018లో అనుమతి వచ్చింది. గడ్డ ఉందని తెలిసీ స్కాన్‌లో ఏమీ పట్టకపోతే మాత్రం ఆ దారి మూసుకున్నట్టే. కాబట్టి మాట భయపెట్టేది కావద్దు, సంబరపెట్టేదీ కావద్దు. నా ఓటు ‘పట్టు’కే.

అచ్చంపేట:
గ్రహణం కంటే నాకు ‘రేడియోధార్మిక’ అన్న మాటతోనే పంచాయితీ. మా నల్లమల వైపు ఆ మాట వింటే 2019 యురేనియం తవ్వకాల లొల్లే గుర్తొస్తది. ఊర్లకు ఊర్లు కదిలినయి, ఆ సెప్టెంబర్‌లో తవ్వకాలు వద్దని అసెంబ్లీలో తీర్మానం చేసిన్రు. ఇప్పుడు అదే మాట రాసి, ‘దీన్ని నీ నరానికి ఎక్కిస్తం’ అంటే ఎవరు సంతకం పెడతారు?

టెక్నాలజిస్ట్:
నిజమే అక్కా, సంతకం దగ్గరే చాలామంది ఆగిపోతారు. మాట మార్చి దాచిపెట్టడం సరికాదు, కాలం చెప్పాలి. గాలియం-68 ప్రతి 68 నిమిషాలకు సగమైపోతుంది. పదకొండున్నర గంటలు గడిస్తే వెయ్యిలో ఒక వంతు కూడా మిగలదు. యురేనియం-238 సగం కావాలంటే దాదాపు 447 కోట్ల ఏండ్లు. రెండింటికీ పేరు ఒకటే, అదే చిక్కు. ‘అర్ధాయువు 68 నిమిషాలు’ అని మాత్రం పేషెంట్‌కు ఇచ్చే కాగితంలో రాయకండి, పేషెంట్ ఆయుష్షు అనుకుంటారు!

ఇంకో సంగతి, ఈ గాలియాన్ని మేం ‘పితుకుతాం’. జనరేటర్ అని ఒక పరికరం (కరెంటుది కాదు), అందులో జర్మేనియం-68 ఉంటుంది, దాని సగకాలం 271 రోజులు. అది మెల్లగా గాలియంగా మారుతుంటే కొన్ని గంటలకోసారి ఆమ్లం పోసి తీసుకుంటాం. ల్యాబ్‌లో అందరి మాటా అదే.

పండితులు:
పితకడం బాగుంది! నేనూ ఒకటి కలుపుతాను. గాలియం దొరకకముందే దానికి సంస్కృతపు పేరు ఉండేది. 1871లో రష్యా రసాయన శాస్త్రవేత్త మెండలీవ్ తన మూలకాల పట్టికలో ఖాళీలు చూసి, అల్యూమినియం తర్వాతి గడికి ‘ఏక-అల్యూమినియం’ అని, సిలికాన్ తర్వాతి గడికి ‘ఏక-సిలికాన్’ అని పెట్టాడు. 1875లో దొరికిన గాలియం మొదటిది, 1886లో దొరికిన జర్మేనియం రెండోది. మీరు పితికేదీ, పాలు ఇచ్చేదీ రెండూ ఆయన లెక్కలోవే.

సరే, ‘పట్టు’ పేషెంట్ల కాగితంలో రానివ్వండి. పాఠ్యపుస్తకంలో గ్రహణాన్ని మాత్రం వదలను.

దేవరకొండ:
సంతోషం సార్. అయితే సెంటర్ వాళ్ళకు ఇద్దామని ఇట్లా రాశాను: ‘ఈ మందు ఒళ్ళంతా ఎక్కుతుంది. ప్లీహం, కిడ్నీలు, కాలేయానికి పట్టడం మామూలే. మిగతా చోట్ల పడితే డాక్టర్ వివరిస్తారు.’ తిల్లి తీసేశాను, కోస్తా నుంచి వచ్చేవాళ్ళకు తెలియదని.

అచ్చంపేట:
తిల్లి ఎందుకు తీసినవు తమ్మీ? ప్లీహం మనోళ్ళకు మాత్రం ఏం తెలుసు? మటన్ కొట్టు కాడికి పోయినోళ్ళందరికీ తిల్లి తెలుసు. రెండూ పెట్టు. ‘నీళ్ళు బాగా తాగి, మూత్రానికి పోతుండండి’ అన్నది కూడా రాయి, అది మీ వాక్యంలో లేనే లేదు.