ఏరేటర్ టైమర్ బోర్డుకి రెండు డయోడులా, నాలుగా?

చెరువుగట్టు కుర్రాడు:
మాది భీమవరం పక్కనండీ. రొయ్యల చెరువు ఏరేటర్లకి టైమర్ బోర్డు చేశాను. 0-12 ట్రాన్స్‌ఫార్మరు, ఏసీని డీసీ చేసే నాలుగు డయోడుల బ్రిడ్జి, 1000 మైక్రోఫారడ్ కెపాసిటరు, 12 వోల్టుల దగ్గర నిలిపే 7812 ఐసీ, రిలే. పగలు బానే ఉంటది. రాత్రి చుట్టుపక్కల చెరువుల ఏరేటర్లన్నీ తిరిగేసరికి మెయిన్సు 180 వోల్టులకి దిగిపోతోంది, రిలే టకటకా కొట్టుకుంటోంది. రొయ్యకి ఆక్సిజన్ కావాల్సిందీ అప్పుడే. సెంటర్ ట్యాప్ (చుట్టు మధ్యలోంచి కూడా వైరు తీసిన ట్రాన్స్‌ఫార్మరు) పెట్టి రెండు డయోడులు వేస్తే సరిపోద్దా?

ఈసీఈ ఫైనలియర్:
బ్రిడ్జే ఉంచు బ్రో. కెపాసిటరు 2200 చెయ్, పోద్ది.

పాలకొల్లు రిపేరు షాపు:
అదొక్కటే మారిస్తే పోదు. లెక్క చూడు తమ్ముడూ. 230కి 12 ఇచ్చేది 180కి 9.4 ఇస్తది, పీకు (ఏసీ అల కొన) 13.3. బ్రిడ్జిలో కరెంటు ఎప్పుడూ రెండు డయోడులు దాటాలి, 1.4 పోయి 11.9. సెంటర్ ట్యాప్‌లో దాటేది ఒక్కటే, 12.6. 7812కేమో లోపలికి పధ్నాలుగు పైనే ఉండాలి. ఏది వేసినా చాలదు.

15-0-15 సెంటర్ ట్యాప్ ట్రాన్స్‌ఫార్మరు తెచ్చుకో. 180 దగ్గర కూడా పీకు 16.6. ఇప్పుడు ఆ డయోడు తేడా పనికొస్తది: రెండు డయోడులతో 15.9, బ్రిడ్జితో 15.2. రిపిల్ (డీసీలో మిగిలిపోయే ఎగుడుదిగుడు) రెండింటికీ 100 హెర్ట్జే. 300 మిల్లీఆంపులకి 2200 వేసినా అది ఒకటిన్నర వోల్టు దాకా తినేస్తది. అప్పుడు బ్రిడ్జి పద్నాలుగు కిందకి జారిపోద్ది, సెంటర్ ట్యాప్ గట్టున పడ్డట్టే.

సెంటర్ ట్యాప్‌లో డయోడు మీద రివర్స్ వోల్టేజీ రెట్టింపని పుస్తకాల్లో భయపెడతారు. నిజమే, కానీ ఇక్కడ అది 42 వోల్టులు. 4007 డయోడు వెయ్యి వోల్టులు తట్టుకుంటది. అసలు ఖర్చు రాగిది: సగం చుట్టు ఎప్పుడూ ఖాళీగా కూర్చుంటది. అందుకే పెద్ద లోడుకైతే నేను బ్రిడ్జే వేస్తాను, డయోడులు చవకే కదా.

చెరువుగట్టు కుర్రాడు:
ఆయ్, థాంక్సండీ. పాత ఆంప్లిఫయర్లో 12-0-12 ఒకటుంది. మధ్య వైరు వదిలేసి చివర్లకి బ్రిడ్జి వేస్తేనో?

పాలకొల్లు రిపేరు షాపు:
వద్దు బాబూ. 24కి పీకు 34. 7812కి 35 దాటకూడదు. పొద్దున్నే ఏరేటర్లు ఆపాక మెయిన్సు 250కి లేచిందంటే ఐసీ గోవిందా. 15-0-15 కొను. కెపాసిటరు 35 వోల్టులది వేసుకో, ఐసీకి అల్యూమినియం రేకు బిగించు.